తువ్వాళ్ళు లేని బేరం

పేరమ్మత్తకి నలభై గొర్రెలుండేయి. ఆ ఏడు వానల్లేవు, కొండ మీద గడ్డి మాడిపోయింది, వాగులో చెలమలు తవ్వినా తడి తగల్లేదు. మా పల్లెలో గొర్రెలోళ్ళ ఇళ్ళు పదకొండు, అందరి గతీ అదే. ఆ శనివారం సంతలో గొర్రెలు అమ్ముడుపోతే సరి. లేదా, తిరిగి పది మైళ్ళు నడవలేక దారిలోనే కూలబడిపోతయి. అట్టాంటప్పుడు ఆ పదకొండు ఇళ్ళోళ్ళు ఏం చేశారనుకున్నావు? సంఘం పెట్టుకుని నన్ను నాయకుణ్ణి చేశారు. నవ్వబాక, నవ్వితే చెప్పను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. టౌనులో లైబ్రరీ మొత్తం నమిలేశా అనుకో. ఒక బీరువా నిండా పోరాటాల పుస్తకాలు, ఎదురు బీరువా నిండా పెద్ద పెద్ద కంపెనీలోళ్ళు ఎట్టా గెలవాలో చెప్పే పుస్తకాలు. ఒకదాంట్లో వాళ్ళని కూలదొయ్యమని ఉండేది, ఇంకోదాంట్లో వాళ్ళలాగా ప్లాను వెయ్యమని ఉండేది. నాకు రెండూ న్యాయంగానే తోచినయి. గడ్డం పెంచా. మా అమ్మ అన్నానికి రారా కొండలూ అంటే, ఆకలి నా ఒక్కడిది కాదమ్మా, సమాజానిది అన్నానంట. నాకైతే గుర్తులేదు గానీ ఆమె ఊరంతా చెప్పుకొచ్చింది.

సరే, ఏమైందంటే, సంతకి నాలుగు రోజుల ముందు పెద్ద కాగితం తెచ్చి గోడకి అంటించి నాలుగు గడులు గీశా. మన బలం, మన బలహీనత, మనకున్న అవకాశం, మనకున్న ముప్పు. బలం గడిలో ఐక్యత అని రాశా. ముప్పు గడిలో కాశిం అని రాశా. కాశిం సాయిబంటే ఆ సంతలో దళారి. భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద కప్పుకుంటాడు, దాని కింద కొనేవాడి వేళ్ళు పట్టుకుంటాడు. ఏ వేలు పడితే ఎంతో, ఎక్కడ నొక్కితే ఎంత తగ్గో వాళ్ళిద్దరికే తెలుసు. పైకి మాత్రం ఎండల గురించి, ఇంట్లో పిల్లల గురించి మాట్టాడుకుంటా ఉంటారు. తర్వాత మన దగ్గరికొచ్చి మన వేళ్ళు పట్టుకుంటాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది చీకటి బేరం అన్నా. తువ్వాలు కింద నలిగేది పేదోడి బతుకన్నా. అది నా సొంత మాటే, ఎక్కడా చదివింది కాదు, అందుకే ఇప్పటికీ దాని మీద కాస్త మమకారం. మొదటి దశలో దళారి ఉండడు, రెండో దశలో ధర అందరి ముందూ నోటితో చెప్పాలి, పదకొండు ఇళ్ళదీ ఒకే ధర. మూడో దశలో ఇదే జిల్లా అంతటా. పేరమ్మత్త అంతా విని, ఆ బలహీనత గడి ఖాళీగా ఉందేందిరా అనడిగింది. మనకి లేవత్తా అన్నా. సరే నాయనా అని వక్క నోట్లో వేసుకుంది.

అంతటితో ఊరుకున్నానా? ఎవడికన్నా మనసు మారి సంతలో తువ్వాలు కప్పుతాడేమోనని, మగోళ్ళందరి చేతా తువ్వాళ్ళు ఇళ్ళ కాడే పెట్టించా. మే నెల. నెత్తిన గుడ్డ లేకుండా పది మైళ్ళు నడిపించా. బోడి తలలతో వరసగా పోతంటే, దారిలో ఎదురొచ్చినోళ్ళు ఎవరయ్యా పోయింది అని అడిగారంట.

సంతలో లారీ వేసుకొచ్చినోడు మునెయ్య, నెల్లూరాయన, మంచి కొనుగోలుదారు. కాశిం టీకొట్టు కాడ కూర్చున్నాడు. ఇయ్యాల నాకు పని లేదంట గదా అని తనకొక టీ చెప్పాడు, నాకొక టీ చెప్పాడు. వర్గశత్రువు టీ తాగనన్నా. రెండూ ఆయనే తాగాడు. నేను అక్కడున్న ఎడ్లబండి మీదకెక్కి, జత పన్నెండు వేలు, ఒక్క పైసా తగ్గేది లేదు అని అరిచా. సంతంతా తిరిగి చూసింది. మునెయ్య కూడా గట్టిగానే ఎనిమిది అన్నాడు. ఆయన పదిదాకా వచ్చేవాడే, మొహంలో కనపడతానే ఉంది. కానీ నోటితో పది అన్నాడనుకో, ఆ చుట్టూ ఉన్న గొర్రెలోళ్ళందరూ పదికి పట్టుబడతారు. మరి నేను? పదికి దిగితే, పైసా తగ్గేది లేదన్న మాట ఏం గావాలి? అట్టా ఆయన లారీ పక్కన, నేను బండి మీద, ఇద్దరం ఇరుక్కుపోయాం. ఇంకో ముగ్గురు కొనేవాళ్ళు వచ్చారు. వాళ్ళూ ఎనిమిదే అన్నారు, చెవులున్నయి గదా. మా మేనమామ మెల్లిగా నా పక్కకొచ్చి, తొమ్మిదికన్నా ఇచ్చేద్దాంరా అన్నాడు. విద్రోహి అన్నా. అమ్మకి తోడబుట్టినోణ్ణి, పదిమందిలో.

పొద్దు నడినెత్తి మీదకొచ్చింది. పేరమ్మత్త గొర్రె ఒకటి ముందు కాళ్ళు మడిచింది, తర్వాత పక్కకి వాలిపోయింది. అత్త దాని నోట్లో సీసాతో నీళ్ళు పోసింది. పోసి లేచి, నేరుగా నా దగ్గరికొచ్చింది.

"కొండలూ, చొక్కా విప్పు."

"ఎందుకత్తా?"

"తువ్వాళ్ళు ఇంటికాడ పెట్టించింది నువ్వే గదరా. విప్పు."

విప్పిచ్చా. ఆమె దాన్ని చేతి మీద కప్పుకుని మునెయ్య దగ్గరికి పోయింది. ఆడమనిషి అట్టా బేరం చెయ్యడం ఆ సంతలో ఎవరూ ఎరగరు. ఆయన సిగ్గుపడి ఎనక్కి జరిగాడంట. "ఇటియ్యి నాయనా చెయ్యి, నా కొడుకు ఈడోడివి," అందంట. పైకి మాత్రం, మీ పాపకి చెవులు కుట్టిచ్చారా, ఏడ్చిందా, ఏ కంసాలి కుట్టాడు అని అడుగుతా ఉంది. ఆయనేమో ఏడవలేదమ్మా, నేనే ఏడ్చా అంటన్నాడు. చొక్కా కదల్తా ఉంది. ఆకూ వక్కా నమిలినంతసేపు పట్టింది. అత్త తల ఊపింది. తర్వాత మా మేనమామ తీసుకున్నాడు చొక్కా, తర్వాత ఇంకొకడు. పదకొండు ఇళ్ళ గొర్రెలూ నా చొక్కా కిందే అమ్ముడుపోయినయి. నేను మాత్రం బండి దిగలా. పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు, అట్టా నిలబడి ఉద్యమానికి నాయకత్వం వహిస్తా ఉన్నా. కాశిం వచ్చి తన తువ్వాలు నా వీపు మీద వేసి, కాలతావయ్యా, కప్పుకో అన్నాడు. ఏ పుస్తకంలో ఏం రాసుందో ఒక్క ముక్క గుర్తు రాలా.

లారీ పోయింది. వాలిపోయిన గొర్రెని మునెయ్య ఎక్కించుకోలా. దాన్ని నా మెడ మీద వేశారు. నడుస్తా నడుస్తా, ఎంతకి ఇచ్చావత్తా అనడిగా. అమ్ముడుపోయినయి గదరా అంది. అది కాదు, ఎంతకి అన్నా. వక్క తీసి నోట్లో వేసుకుంది.

"వచ్చే శనివారం పక్కూరోళ్ళు తోలుకొస్తారు గొర్రెల్ని," అంది చివరికి. "మనకొచ్చింది బయటపడితే వాళ్ళకీ అంతే ఇస్తారు."

అప్పుడర్థమైంది నాకు. పొద్దున్నే అయితే పది పలికేయి. నా ఉపన్యాసానికి ఎండలో నిలబడి నిలబడి, డొక్కలు పీక్కుపోయి, ఆ ఎనిమిది కూడా వచ్చినట్టు లేదు. ఆ పదకొండు ఇళ్ళోళ్ళల్లో ఇప్పటిదాకా ఒక్కడూ నాకు ఆ అంకె చెప్పలా. నా మొహం చూసి చెప్పలేదో, పక్కూరోళ్ళని తలుచుకుని చెప్పలేదో తెలీదు. ధర పైకే చెప్పాలని నేను ఇప్పటికీ అంటా, ఎవడన్నా కాదంటే వాదనకి కూర్చుంటా. కానీ ఆ రోజు మిగతా నాలుగు మైళ్ళూ గొర్రెని మోసుకుంటా నోరెత్తకుండా నడిచా. నా నాయకత్వంలో సంఘం సాధించింది ఏమన్నా ఉంటే ఆ నాలుగు మైళ్ళేనని మా ఊరోళ్ళు అంటారు. గొర్రె కూడా హాయిగా నిద్రపోయిందంట.