కోటమ్మ జుట్టు

ఆదివారం మధ్యాహ్నం. క్వారీ గుడిసెల పిల్లలకు తలంట్లు పోసే కార్యక్రమం ముగించి, పేదలకు ఇంత సేవ చేసే ఇల్లు ఈ ఊళ్లో ఇంకొకటి ఉంటే చూపించమనండి అన్నంత తృప్తితో ఆదిలక్ష్మమ్మగారు అరుగు మీద నడుం వాల్చబోయారు. సరిగ్గా అప్పుడే రాళ్లు కొట్టే పోలమ్మ, ఆరేళ్ల కూతురు కోటమ్మను రెక్క పట్టుకుని గేటు తోసుకు వచ్చింది. పొద్దున నడుం దాకా ఉన్న ఆ పిల్ల జుట్టు ఇప్పుడు చెవుల పైకి ఉంది. కోడలు సరస్వతి వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అదికాదమ్మగారూ, జుట్టేదని అడుగుతున్నా."

"ముందు ఆ అరుపు తగ్గించు. ఎప్పుడూ పెద్దమ్మా పెద్దమ్మా అని తిరిగేదానివి, ఇయ్యాల అమ్మగారినైపోయానా?"

"పెద్దమ్మయితే అడక్కుండా కత్తెర పెట్టదు. ఏదీ, నా కూతురి జుట్టేదీ?"

"దాని తల ఎప్పుడన్నా విడదీసి చూశావుటే? పేలు కాదు, పుట్టలు పెట్టినయ్. మెడ ఎనకంతా పుండ్లు. రేడియోలో డాక్టరమ్మ మొత్తుకుంటంది, పిల్లల్ని శుభ్రంగా ఉంచండి, ఉంచండని. మీకు పట్టదాయె. పోనీలే పాపం అని మేం పూనుకుంటే—"

"పేలుంటే దువ్వాల. కత్తిరించమని ఎవురు చెప్పారు?"

"దువ్వెన దిగితేగా! ఏమే సరస్వతీ, అట్టా నిలబడతావేంది, చెప్పవే."

"దువ్వెన విరిగింది పోలమ్మా. అందుకని..."

"అందుకని? బిడ్డ మీకేం చెప్పలేదా?"

"ఏడ్చింది."

"ఏడ్చింది సరే. ఏమని ఏడ్చింది?"

"అదే... మొక్కు, మొక్కు అంది."

"ఇన్నారా అమ్మగారూ? మొక్కందంట!"

"అందరూ అంటారే! కత్తెర చూడంగానే ప్రతి పిల్లా మొక్కే అంటది. ఆ నరసయ్య కొడుకూ మొక్కే అన్నాడు. వాడికి పోయిన నెలే గుండు కొట్టించారు! ఎవరి మాట నమ్మమంటావు?"

"నన్నడగాల. ఒక మనిషిని పంపాల. క్వారీ ఎంత దూరం? ఇక్కడ కేకేస్తే అక్కడ ఇనపడిద్ది."

"నీ కబురు కోసం పనులాపుకుని కూర్చోవాలా మేం? తెల్లారకముందే లేచింది ఇంటిల్లిపాదీ. మా అబ్బాయి గోపాలరావు సబ్బులు తెచ్చాడు. ఈ వయసులో నేను పొయ్యి కాడ పొగలో కూర్చుని నీళ్లు కాచా. నా కోడలు మీ పిల్లల తలలు ఒళ్లో పెట్టుకుంది. మా మనవడు ధనుంజయుడు, ఇంత పిల్లాడు, చెంబు పట్టుకుని నీళ్లు పోశాడు. ఎవరు చేస్తారే ఈ రోజుల్లో?"

"చెయ్యమని మేం అడిగామా?"

"అదిగో! ఆ మాటే అంటావని తెలుసు నాకు."

"మరమరాల ఉండలు చూపిచ్చి పిల్లల్ని లాక్కొచ్చారు. మేం పనిలో ఉంటే చూసి, మాకు చెప్పకుండా లాక్కొచ్చారు."

"లాక్కొచ్చామా? ఉండ అనేసరికి పరిగెత్తుకుంటా వచ్చారు, మొహాలు వాచినట్టు. ఇంట్లో ఇంత పెట్టి పంపితే ఎందుకొస్తారు? రెండు రూపాయల బియ్యం ఇస్తానే ఉన్నారుగా మీకు!"

"మా తిండి సంగతి మీకెందుకు? ఆ పేపరాయన వచ్చిందాకా నా బిడ్డని పక్కన కూర్చోబెట్టారంట. నిజమా, కాదా?"

"ఎవరు చెప్పారు?"

"నిజమా, కాదా?"

"నరసరావుపేట నుంచి ఎండనబడి వచ్చాడు పాపం. ముందొక ఫొటో, తర్వాతొక ఫొటో తీస్తానన్నాడు. తప్పేముంది? నలుగురూ చూస్తే ఇంకో నలుగురు చేస్తారు."

"గుడిసెల్లో అందరికన్నా పెద్ద జుట్టు దీనిదే. అందుకని దీన్నే ఏరుకున్నారు. ఫొటో కోసం కత్తిరించారు. పేల కోసం కాదు."

"నోరు! నోరు అదుపులో పెట్టుకో. ఎవరింట్లో నిలబడి ఎవరితో మాట్లాడుతున్నావో—"

"అత్తయ్యా, మీరు కూర్చోండి. పోలమ్మా, పొరపాటు నాది. నేనే కాస్త ఆగి—"

"నువ్వుండవే! పొరపాటంట, పొరపాటు. దాని కాళ్లు పట్టుకుంటావా ఏంది?"

"దీని నెత్తిన మీ పిల్లాడి చేత చెంబుతో నీళ్లు పోయిచ్చారుగా అమ్మగారూ. వాళ్లిద్దరూ ఒక రొమ్మునే తాగారు. ఫొటో కింద అది కూడా రాయిచ్చండి."

"పోలమ్మా!"

"ఏం, అబద్ధమా? సరస్వతమ్మకి పాలు పడకపోతే, ఎనక గుమ్మాన ఎవురు రావాల్సొచ్చింది?"

"దానికి గింజలు కొలిచాం. చీర పెట్టాం. చెల్లుకు చెల్లయిపోయింది. ఆ మాట ఇంకోసారి ఎత్తావంటే మర్యాద దక్కదు, చెబుతున్నా."

"ఎత్తను. నాకేం పని? జుట్టిచ్చెయ్యండి, పోతా. శివరాత్రి తిరునాళ్లకి కోటప్పకొండ పోతన్నాం. మూట కట్టి పట్టుకుపోయి సామికి ఇచ్చేస్తా. ఇక్కడ కత్తిరించారని చెప్పుకుని ఏడుస్తా, ఆయనే సర్దుకుంటాడు. ఏదీ? పెంట మీదేశారా? పెంట మీదున్నా ఏరుకుంటా."

"రేపు రా, చూద్దాం."

"రేపేంది?"

"సరస్వతీ, ఆ పూల గౌను తెచ్చి దాని మొహాన కొట్టు. కాసిని బియ్యం కూడా కట్టు. పోద్ది."

"గౌనొద్దు. సరస్వతమ్మా, నువ్వు అబద్ధమాడవు. నువ్వు చెప్పు. ఏదీ?"

"కాగు కింద... పొయ్యిలో. పేలు పాకుతాయని అత్తయ్య—"

"పొయ్యిలోనా?"

"పొయ్యిలోనే. కాల్చక, పేల జుట్టుని బీరువాలో దాచిపెట్టమంటావా?"

"నా మొక్కు తగలేసి నీళ్లు కాచారా!"

"ఇదుగో, నా వాకిట్లో శోకాలు పెట్టమాక."

"పుట్టిన కాడ్నుంచి దీని తలకి కత్తెర తగలనియ్యలేదమ్మగారూ. పోయినేడు దీని నాన్న కాలు మీద రాయి పడి కొండకి పోలేకపోయాం. అంతకు ముందు కూలి దొరక్క ఆగాం. ఈ యేడన్నా తీర్చుకుందామని, నోరు కట్టుకుని చార్జీలు కూడేసుకున్నా. సామీ, ఏ మొహం పెట్టుకుని ఎక్కేది నీ కొండ!"

"ఏం మొక్కేంది అసలు? మీ ఆయన తాగుడు మానాలనా?"

"అది మీకెందుకు?"

"చెప్పు, తెలుసుకుంటా. కోడిపుంజు కనపడకపోయినా మొక్కే మనిషివి నువ్వు."

"చెప్పను. చేసిన మేలు చెప్పుకున్నట్టుంటది."

"ఎట్టా చెబుతావు, ఉంటేగా! గౌను చాలక ఇంకేదో లాగుదామని ఈ నాటకం."

"నా బిడ్డ తోడు—"

"చాల్లే, ఒట్లు! మీ గుడిసెల మీద జాలిపడటం నాది బుద్ధి తక్కువ. వచ్చే ఆదివారం నుంచి ఈ గేటు మీకెవరికీ తియ్యను. మీ మురికీ మీ పేలూ మీరే చూసుకోండి."

"అత్తయ్యా, వదిలెయ్యండి. మనమే బండి కట్టించి వాళ్లని కొండకి పంపుదాం. మళ్లీ జుట్టు పెరిగాక—"

"మళ్లీ పెరిగేది మొక్కిన జుట్టు కాదు సరస్వతమ్మా. ఆ సామి ఊరుకుంటాడా? ఆయన సొమ్ము పొయ్యిలో ఏసినోళ్లని ఊరికే వదులుతాడా?"

"శాపాలు పెడుతున్నావా? పెట్టు! నాకేం భయం లేదు. జుట్టు కాల్చింది నేను, నా చేత్తో కాల్చా. నీ మొక్కు చెడితే చెడనీ. ఆ దోషమేదో నీకొద్దు, నీ బిడ్డకొద్దు. మా ఇంటి మీదే పడనీ, మేం—"

"అనమాక!"

"మేమే భరిస్తాం, ఏమొచ్చినా మా—"

"అనమాకమ్మా! ఆ మాట ఎనక్కి తీసుకో. చెంపలేసుకో ముందు!"

"చూశావుటే సరస్వతీ, ఇందాకటిదాకా శాపనార్థాలు, ఇప్పుడు నా చేత చెంపలేయిస్తదంట! ఎందుకేసుకోవాలే? మళ్లీ అంటా. పడనీ, మా ఇంటి మీదే—"

"నీ కాళ్లు పట్టుకుంటా, అనమాక!"

"లే, వదులు కాళ్లు. వదలవే! మా ఇంటి మీద పడితే నీదేం పోయిద్దే?"

"పసిగుడ్డప్పుడు మీ ధనుంజయుడికి ఊపిరాడక ఒళ్లు నీలంగా అయిపోతే, పేటలో డాక్టరు ఇంక తీసుకుపొమ్మన్నాడే. అప్పటికి నా తల గుండు. క్వారీ కూలినప్పుడు మా ఆయన బతికి బయటపడ్డాడని అంతకు ముందే కొండ మీద ఇచ్చేసొచ్చా. మొక్కటానికి నా నెత్తిన జుట్టు లేక, వాడి ప్రాణానికి నా కూతురి తల మొక్కానమ్మగారూ."