తాత ఎల్లొచ్చిన ముస్లింల పార్టీ మీటింగు

"మామ్మా, తెల్లోళ్ల కాలంలో ముస్లింలు సొంతంగా పార్టీ ఎందుకు పెట్టుకున్నారు? పరీక్షకి చదవాలి."

ఓలమ్మో! కాఫీ గింజలేరుకునే ముసిల్దాన్నా అడుగుతన్నావు? నీ సెల్లు సెప్పదేటి? సరే, కూకో రేష్మా. పుస్తకంలో ఏటుందో నాకు తెల్దు గానీ, మా తాత పకీరయ్య ఆ పార్టీ మీటింగుకి ఎల్లొచ్చినాడు. అది సెప్తాను, ఇనుకో.

తాత దూదేకులోడు. ఈ కొండల్లో సలెక్కువ కదా, అంచేత కిందనుంచొచ్చి గూడెం కొత్తవీధిలో పరుపులు కుట్టీవోడు. పరుపుకి బేడ... బేడ కాదులే, పావలా. పావలాకి ఎన్ని బియ్యమొచ్చీవో తెలుసా? ఏటి సెప్తన్నాను? ఆఁ, మీటింగు.

సొతంత్రం రాకముందు మాట. కింద టౌన్లో మీటింగంటే పెళ్లినాటి లాల్చీ ఏసుకుని ఎల్లినాడంట. అక్కడ పెద్దాయనెవరో ఒకటే ఉర్దూ. మన దూదేకుల ముస్లింల ఇళ్లల్లో తెలుగే కదా, తాతకి ఉర్దూ ముక్క రాదు. అందరూ సప్పట్లు కొడితే తనూ కొట్టీసినాడు! ఇంటికొచ్చాక "ఏటన్నారు?" అని మా నాయనమ్మ అడిగితే, "శానా బాగా అన్నారు" అన్నాడంట.

ఆనక ఒక ప్లీడరుగారు తెలుగులో ఇడమరిసి సెప్పినాడులే. తెల్లోడు సట్టసభల్లో మనోళ్లకి కొన్ని సీట్లిత్తన్నాడు. సీటంటే ఓట్లు లెక్కెట్టడమే. ముస్లింలు తక్కువ, మిగతావోళ్లెక్కువ. ఇంగ్లీషు సదువుల్లో ఎనకబడ్డారు, ఉద్యోగాలూ దొరకట్లేదు. ఇక మన మాట ఎవుడింటాడని నవాబులూ జమీందార్లూ కూడి పార్టీ ఎట్టి, మా సీట్లు మాకు ఇడిగా కావాలన్నారంట. తెల్లోడికీ అదే కావాల. అందరూ ఒకటైపోతే ఆడికి కష్టం కాదేటి?

అదంతా తాత నోట ఇని మా నాయనమ్మ, "ఆ నవాబుల్లో పరుపులు కుట్టీవోడు ఒక్కడున్నాడా?" అంది.

"ఒక్కడూ లేడు."

"పోనీ, నీకు ఓటుందా?"

"నేదు. బూములున్నోళ్లకీ సదువుకున్నోళ్లకీనంట."

"మరి సప్పట్లెందుక్కొట్టినావు?"

తాత నవ్వీసినాడంట. "మన మాట ఎవుడింటాడన్న బయం నాకూ ఉందే. ఈ ఊళ్లో మనదొక్క కొంపే కదా" అన్నాడంట.

సొతంత్రమొచ్చీసరికి దేశం రెండైపోనాది. అప్పుడు నేను సిన్న గుంటని, సంతలో తాత పక్కనే ఉన్నాను. కిందనుంచొచ్చిన యాపారొకడు, "ఏటి పకీరయ్యా, మీకో దేశమిచ్చేరు కదా, ఇంకా ఎల్లనేదేటి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తాత సేతిలో సూది ఆగిపోనాది. ఇంటికొచ్చి కూడు ముట్టనేదు.

తాతకి నేస్తం, సోమన్న అని ఈ ఊరి కొండ రైతు, ఆ కబురు ఇని వొచ్చినాడు.

"ఎల్తావేటి బావా?"

"ఎక్కడికెల్తాను? ఆ దేశం ఏ దిక్కునుందో కూడా తెల్దు నాకు."

"తెలిసినా ఎల్లకు. ఎల్తే నేను సలికి సచ్చూరుకుంటాను."

తాత నవ్వినాడు. నవ్వుతా నవ్వుతానే ఏడ్సీసినాడు.

ఆ పైవారం సోమన్న తన పసుపు అమ్మే పని పెళ్లానికొదిలీసి, సంతలో పొద్దంతా తాత పక్కనే కూకున్నాడు. యాపారి నోరు మెదపనేదు. ఆడే తరవాత కూతురి పెళ్లికి పరుపు కుట్టమనొచ్చినాడు! "లోపల ముళ్లెట్టి కుట్టు" అంది మా నాయనమ్మ. తాత మంచి దూదే ఎట్టినాడు.

నువ్వు పరీక్షలో సీట్లూ ఉద్యోగాలూ తెల్లోడి ఎత్తూ అన్నీ రాయి. బయపడ్డారని కూడా ఒక ముక్క రాయి. మార్కులేత్తారో నేదో... అల్లా నిన్ను సల్లగా సూడాల తల్లీ. ఏ ఊరెల్లినా సోమన్నలాటోడు ఒకడు దొరకాల నీకు...