సోమక్క చెప్పిన పాట, నేను రాసిన పాట

ఏం రాయమంటివి బిడ్డా, బతుకమ్మ పాటలల్ల నాకు ఇష్టమైంది ఏది, అది పాడినామె ఎవరు, గంతేనా? మీ కాలేజి పుస్తకంల అచ్చేస్తరా? మంచిదే, కూసో సుమిత్రా. ఆ కుర్సి వద్దు, దానికి ఒక కాలు కురుచ, మంచం మీద కూసో. ఇప్పుడైతే బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస ఇంకా పది రోజులుండంగనే మైకులు మొదలైతయి. పాడినామె ఎవరో ఎవలకూ తెల్వది, ఎవలి డబ్బా ఎంత పెద్దగ మోగితే వాళ్లదే పండుగ. నాకు గవి ఎక్కయి. మీ నాయిన అంటడు, "బాపు మొండోడు, ఊరంత తంగేడు పూసినా ఈయన మొఖం మీద ఒక పువ్వు పుయ్యది" అని. అననీ. నాకు ఇష్టమైన పాట ఒకటే. అది గ్రామఫోను ప్లేటు కూడ అయింది ఆ కాలంల. ప్లేటు మీద పాడినామె పేరు రాజీబాయి అని ఉంటుండె. ఆ, రాసుకుంటున్నవా? కొట్టెయ్యి. జర ఆగు, అంత అయినంక రాద్దువు.

పాట సోమక్కది. సోమక్క మనకు చుట్టం కాదు, అప్పుడు మేం దంతాలపల్లి అవతల ఊర్ల ఉంటిమి, మా ఇంటి ఎన్కిల్లు ఆమెది. తల్లిగారిది గూడూరు దిక్కు, అడివంచు ఊరు. పొడుగు మనిషి, ఎడమ కాలు కొంచెం ఈడ్చేది. గొంతు తీపి గొంతు కాదు బిడ్డా, జొన్నరొట్టె అసోంటిది, కాల్చిన వాసన ఉంటది. కాని పాట ఎత్తిందంటే నలభై మంది ఆడోళ్లు ఒక్క అడుగు మీద తిరిగేది. ఒకామె ఎత్తుడు, కడమోళ్లు ఉయ్యాలో అని అనుడు, గదే కదా మన తీరు. సోమక్కకు పాట అంత ముందుగాల కట్టుకొచ్చుడు లేదు. తిరుక్కుంటనే కట్టేది. నడుమ పుష్పమ్మ ముచ్చట పెట్టుకుంట అడుగు తప్పితే, అదే రాగంల, "పుష్పమ్మ అడుగేమొ ఉయ్యాలో, పులుసు కాడికి పాయె ఉయ్యాలో" అని అందుకునేది. నలభై మంది నవ్వుకుంట ఉయ్యాలో అనేది, పుష్పమ్మ కూడ తనను తిట్టిన పాటకు తానే ఉయ్యాలో అనేది. అనకపోతే చప్పట్లు ఆగిపోతయి కదా మరి.

ఆమెకు ఒక్కడే తమ్ముడు, బిక్షం. ఏటా పెత్రమాసకు ముందు రోజు తమ్ముడు రావాలె, చీర తేవాలె, పెత్రమాస మా ఊర్ల ఆడినంక అక్కను తల్లిగారింటికి తోలుకపోవాలె. తల్లిగారింటికి పోని ఆడిబిడ్డకు బతుకమ్మ ఏంది. బిక్షం ఎన్నడు తప్పలె. సంఘంల తిరిగినప్పుడు తప్పలె, రజాకార్లు ఊర్ల మీద పడ్డప్పుడు తప్పలె, చెరువు కట్ట మీది నుంచి మూట నెత్తిన పెట్టుకొని వచ్చేటోడు. నైజాము పోయి మిలిట్రీ వచ్చినంక కొందరు ఇండ్లకొచ్చిండ్రు, కొందరు రాలె. బిక్షం రాలె, గూడూరు అడివిల దళంతోని ఉన్నడు. మా ఊరి దొర గడిల క్యాంపు పెట్టిండ్రు. ఊరు దాటాలంటే చీటి కావాలె. కట్ట మీద తుమ్మచెట్ల చాటున ఇద్దరు కావలి, పొద్దుమాపు. అడివికి కబురు మోసే ఆయన, కాటమయ్య అని, ఆయన ఎండకాలంల దొరికిండు. ఇగ సోమక్కకు తమ్ముని దిక్కు తొవ్వ లేదు. పెత్రమాస వస్తే ఈడు వస్తడు, వస్తే దొరుకుతడు. రాకురా అని ఎట్ల చెప్పాలె? గదీ ఆమె బాధ. నాకు ఇప్పుడు తెల్సు కాబట్టి చెప్తున్న. అప్పుడు ఆమె నాకు చెప్పలె, ఆ కాలంల ఎవలు ఎవలకూ చెప్పకపోయేది. చెప్తే నీ ప్రాణం మీదికే కదా అని.

నేను అప్పుడు ఇరవై ఏండ్లోణ్ణి. సంఘం నడిచినప్పుడు రాత్రి బడిల అచ్చరాలు నేర్చుకున్న. బాలనర్సయ్య సారు చెప్పేది, పొగాకు నమిలి నమిలి పండ్లన్ని నల్లగుంటుండె. ఎందుకు చదువాల్నో మొదటి రోజే చెప్పిండు. పట్వారి తీరు చేసి చూపెట్టిండు, కండ్లద్దాలు ముక్కు కొనకు జారేసి, గొంతు సన్నగ చేసి, "ఏం లేదురా, నీ భూమి నీదే అని రాసిన, ఏలుముద్ర ఏయి" అని. అందరం నవ్వినం. సారు నవ్వలె. "వాడు రాసింది ఒకటి, మీకు చదివి వినిపిచ్చింది ఒకటి. మీ తాతల భూములు గట్ల పోయినయి. ఇంకోడు మీకు ఒకటి రాసి ఇంకోటి చదువకుండ ఉండాల్నంటే మీరే నేర్వాలె" అన్నడు. నేను మొండిగ నేర్చుకున్న. పలక పగిలితే పెంకాసు మీద బొగ్గుతోని దిద్దిన. మా వాడల ఉత్తరం వచ్చినా కాయితం వచ్చినా పోశాలును పిలువుండ్రి అనేటోళ్లు. నాకు ఛాతి ఇంత అయ్యేది.

నేను ఆముదాల బండి తోలేటోణ్ణి, జనగామకు. షావుకారి బండి కాబట్టి నాకు చీటి ఉంటుండె. ఆ ఎండకాలంల షావుకారి ఇంటికి ఒకాయన వచ్చిండు, తెల్ల ధోతి, చేతికి గడియారం, గ్రామఫోను కంపెనీ మనిషి. బతుకమ్మ పాటల ప్లేటు తీస్తరట, పండుగకు ముందు అమ్ముతరట. పాడేటామె రాజీబాయి, నాటకాలల్ల పాడేటామె, పట్నం మనిషి, ఊరి పాట తెల్వది. "కాయితం మీద రాసి తెస్తే చాలు, ఆమె చూసి పాడుతది, మూడు నిమిషాలకు మించొద్దు" అన్నడు. నేను ఊరికొచ్చి గీ ముచ్చట వాకిట్ల చెప్తుంటే గోడ అవతల నుంచి సోమక్క విన్నది. తెల్లారి వచ్చి, "పోశాలూ, గా ప్లేటు మానుకోటల కూడ మోగుతదా?" అనడిగింది. మానుకోట అంటే మహబూబాబాదే. "టేషను కాడ మాన్‌సింగ్ హోటల్ల గ్రామఫోను ఉన్నదక్కా, కొత్త ప్లేటు ఏది వచ్చినా మోగుతది" అన్న. అడివిల ఉన్నోళ్లు ఒక్కొక్కరు మారు బట్టలేసుకొని సంతకు వచ్చి, ఆ హోటల్ల కూసుంటరని ఆమెకు ఎరుకనే. నాకే ఎరుక లేదు. "అట్లయితే నేను చెప్త, నువ్వు రాయి" అన్నది.

మా ఇంటి ముందట అరుగు ఉంటుండె, ఆమె దాని మీద కూసున్నది. పొద్దటి పూట, బీడీ ఆకులు ఒడిల పెట్టుకొని కత్తిరిచ్చుకుంట చెప్పింది. "గునుగు తెంపవోయి ఉయ్యాలో, గుట్ట మీద తప్పితిమి ఉయ్యాలో." చిన్నప్పుడు అక్కతమ్ముళ్లు ఇద్దరు పువ్వుకు పోయి గుట్ట మీద తప్పిపోయిండ్రట, ఆ ముచ్చట వాళ్లిద్దరికే తెల్సు. అది వింటే పాట ఎవలిదో వానికి తెలుస్తదని. నేను పాట మంచిగుందని రాసుకుంట పోయిన. కడాకు వచ్చింది. "ఈయేడు చీరొద్దు ఉయ్యాలో, ఇంటి తొవ్వ మరువు ఉయ్యాలో."

నా చెయ్యి ఆగింది. "ఏందక్కా, బతుకమ్మ పాటల తమ్ముణ్ణి రావద్దంటరా ఎవలన్న? అపశకునం. విన్నోళ్లు తిడ్తరు" అన్న. "నేను చెప్పింది రాయి." "రా అనాలె కదనే." "పోశాలూ, నేను చెప్పింది రాయి. రాసి నాకు చదువు." ఆమె మొఖం ఎత్తలె, కత్తెర ఆపలె. నాకు మొండి ఎక్కింది. అచ్చరం రానామెకు ఏం తెల్సు, పాట చెడగొడ్తున్నది, ప్లేటు మీద పదికాలాలు ఉండే పాట అనుకున్న. ఇంకోటి కూడ ఉన్నది, అబద్ధమెందుకు, నా మాట ఒకటి ఆ ప్లేటు మీద ఉండాలని కూడ ఆశ పడ్డ. అక్కడ నేనేం రాసిన్నో తెల్సా? "ఎర్రంచు చీరతో ఉయ్యాలో, ఇంటికి రా తమ్ముడ ఉయ్యాలో." ఎర్రంచు ఎందుకంటే ఏం లేదు, రాగానికి సరిపోయింది. రాసి, కాయితం ముందట పట్టుకొని, ఆమె చెప్పింది చెప్పినట్టు చదివిన. ఈయేడు చీరొద్దు, ఇంటి తొవ్వ మరువు. ఆమె కండ్లు మూసుకొని విన్నది. "మంచిగ రాసినవ్, నీ కడుపు సల్లగుండ" అన్నది. బాలనర్సయ్య సారు చేసి చూపెట్టిన పట్వారి నాకు యాదికి రాలె. ఒక్కసారన్న రాలె బిడ్డా.

జర గా చెంబిటియ్యి. ఆ.

భాద్రపదంల ప్లేటు వచ్చింది. రాజీబాయి మంచిగనే పాడిందట. మా ఊర్ల గ్రామఫోను లేదు, ఎవలు విన్లె. పెత్రమాస ముందు రోజు పొద్దుగాల తుమ్మచెట్ల కాడ బిక్షం దొరికిండు. ఊరందర్ని గడి ముందట వరుసగ నిలబెట్టిండ్రు, వీడు ఎవలి మనిషి చెప్పుండ్రి అని. ఊరంతకు ఎరుకనే, ఎవలు బయటపెట్టలె. మూట ఇప్పిండ్రు. ఇన్ని అటుకులున్నయి, చీర ఉన్నది. ఒక సిపాయి దాన్ని తుపాకి కొసకు తగిలిచ్చి లేపిండు. గాలికి ఇప్పుకున్నది. ఎర్రంచు.

నేను ఎనిమిదో తొమ్మిదో మనిషిని వరుసల. జమేదారు ఒక్కొక్క ఆడామె ముందట నిలబడి అడుగుతున్నడు, "నీ తమ్ముడా, నీ తమ్ముడా" అని. సోమక్క ముందటికి కూడ వచ్చిండు. "నాకు తమ్ముడే లేడు" అన్నది. నా తమ్ముడే అంటే ఇంటిల్లిపాదిని కొడ్తరు కదా, అట్ల అనాల్నని ముందుగాలనే అనుకున్నరట వాళ్లు. బిక్షంను అడిగితే, "ఈమె ఎవలో నాకు తెల్వది" అన్నడు, కింద మట్టిని చూసుకుంట. లారీ ఎక్కిచ్చిండ్రు. తర్వాత ఏ జైల్ల అడిగినా ఆ పేరు లేదన్నరు. చీర గడి కాడ గుర్రాలకొట్టం దండెం మీద చానా రోజులు ఉన్నది, ఆమె ఆ తొవ్వనే నీళ్లకు పోయేది.

తెల్లారి పెత్రమాస, మాపటికి సోమక్క బతుకమ్మ ఆడింది. ఆడకపోతే గుర్తుపడ్తరని. ఆడింది గాని పాట ఎత్తలె. పుష్పమ్మ ఎత్తింది, సోమక్క ఉయ్యాలో అన్నది. ఆ దినం నుంచి ఆమె పాట ఎత్తింది నేను విన్లె, కడమోళ్లతోని ఉయ్యాలో అనుడే.

అవును, చెప్పలే. ఆమెకు నేనేం చెప్పలె. ఎట్ల చెప్పాలె? వాడు పాట వినకపోయినా వచ్చేటోడే, ఎన్నడు తప్పినోడు కాదు అని నాకు నేను చెప్పుకున్న. మూడేండ్లు చెప్పుకున్న. క్యాంపు పోయినంక, సోమక్క బిడ్డకు జ్వరమొస్తే మానుకోట దవాఖానకు నా బండిలనే తీస్కపోయిన. వచ్చేటప్పుడు పిల్లకు పాలని టేషను కాడ ఆగినం. మాన్‌సింగ్ లంబాడాయన, నవ్వు మొఖం, పండుగ దినాలు కదా అని ఆ ప్లేటు ఏసిండు. నేను వద్దనేలోపల ముల్లు ఆనింది. గునుగు వచ్చింది, గుట్ట వచ్చింది. సోమక్క పాలగిలాస పట్టుకొని అట్లనే ఉన్నది. కడా మాట వచ్చింది. ప్లేటు అయిపోయి ముల్లు గరగర తిరుగుతున్నది. మాన్‌సింగ్ వచ్చి బల్ల తుడుచుకుంట, "అరె, గీ ప్లేటు వచ్చిన యేడు ఒకాయన మూడుసార్లు ఏపిచ్చుకున్నడు అక్కా. చాయ్ సల్లారిపాయె, తాగలే. ఇక్కడ ఎర్రంచు చీర ఏ దుకాణంల దొరుకుతదన్నా అని అడిగి పోయిండు" అన్నడు.

సోమక్క గిలాస కింద పెట్టి లేచింది. బండిల ఎన్కకు మల్లి కూసున్నది, పిల్ల ఒడిల పండుకున్నది. నేను ఎడ్లను చూసుకుంట తోలిన. ఊరి కట్ట కాడికి వచ్చినంక అన్నది. "పోశాలూ, నాకు అచ్చరాలు నేర్పు."

నేర్పిన. పగటిపూట, అదే అరుగు మీద. నలభై ఏండ్ల చెయ్యి, వంగదు. అ ఆలు నేర్వనీకె ఎండకాలం పోయింది. నా మీద ఒక్క మాట అనకపోయేది, గది నాకు తిట్టిన దానికంటె ఎక్కువాయె. రెండేండ్లకు ఒక దినం పాత క్యాలెండర్ ఎన్కపక్క రాసిన కాయితం తెచ్చి నా ముందట పెట్టింది. గునుగు, గుట్ట, అంత రాసింది, అచ్చరాలు చీమల లెక్క ఒకదాని ఎన్క ఒకటి. "చదువు" అన్నది. చదివిన. నా పక్కన కూసుండి, ఒక్కొక్క మాట కింద ఏలు పెట్టుకుంట వచ్చింది. కడాకు, ఈయేడు చీరొద్దు. ఏలు అక్కడ ఉన్నది. నేను చదివే దాక జరుపలె. చదివిన. ఇంటి తొవ్వ మరువు. అప్పుడు ఏలు తీసింది. కాయితం మడిచి బొడ్ల చెక్కుకొని పోయింది. మొగుళ్లపల్లిల బిడ్డ కొమురమ్మ ఇంట్ల సచ్చిపోయింది ఆమె, దినాలకు పోయిన. ఆ కాయితం ఏడున్నదో అడుగ బుద్ధి కాలె.

ఇగ రాసుకో. ఇష్టమైన పాట, సోమక్క పాట. పాడింది, రాజీబాయి అని ప్లేటు మీద ఉన్నది, అది కూడ రాయి, ఆమె తప్పేం లేదు. పాట చెప్పింది సోమక్క. ఈయేడు చీరొద్దు, ఇంటి తొవ్వ మరువు, గది రాయి. దాని కింద, ఎర్రంచు చీర అని మార్చింది పోశాలు అని రాయి. తాత పేరు బాగుండదని ఏమన్న మారుస్తవేమో, మార్చకు. రాస్తున్నవా? అయిందా? ఏది, చదువు. అట్ల కాదు బిడ్డా, ఇటు దగ్గరికి వచ్చి ఏలు పెట్టి చదువు. నాకు కండ్లు ఆనవు.