నలుగురికి సరిపడా

“అమ్మమ్మా, ఈ మూడు వంటల పుస్తకాల్లో ఏది కొనమంటావు? మా ఆయనకి షుగరు అంచుల్లో ఉందన్నారు. ఇంట్లో నలుగురికీ రాత్రిపూట ఒకటే ఆరోగ్యమైన వంట చేద్దామని చూస్తున్నా.”

ఏదీ, ఫోను ఇలా ఇవ్వు. నా కళ్ళజోడు... ఆ, నెత్తి మీదే ఉంది. అబ్బో, అట్టలే ఎంత నిగనిగలాడుతున్నాయే! ఇదేంటి, చిన్న చెట్టులా ఉంది? బ్రోకలీనా? గుడివాడలో దొరుకుతుందా? విజయవాడ నుంచి తెప్పించుకోవాలా! అయితే ఆ పుస్తకం పక్కన పెట్టెయ్. కూర కోసం బస్సెక్కాల్సిన ఇంట్లో రాత్రి భోజనం తెల్లారి తింటారు.

నవ్వకు. వంటల పుస్తకం కొనడం చీర కొన్నట్టు కాదే కెజియా. చీర నచ్చకపోతే బీరువాలో పడుంటుంది. పుస్తకం ఇంట్లోకొచ్చిందంటే రోజూ నీ చేత చాకిరీ చేయిస్తుంది. అందులో ఎవరున్నారో, ఎవరు లేరో ముందు చూసుకోవాలి. ఎవరు లేరో అంటే... చెప్తా. ఆ స్టూలు లాక్కుని కూర్చో. మీ తాతయ్య పడుకున్నారు, లేస్తే కాఫీ అంటారు. ఆలోపు చెప్పేస్తాను.

మీ తాతయ్యకి బీపీ వచ్చింది మీ అమ్మ ఆరో క్లాసులో ఉండగా. ఆరు... కాదు, ఏడు. అప్పుడు మేం పామర్రులో, మా అత్తగారింట్లో ఉండేవాళ్ళం. మావగారు, అత్తగారు, మేమిద్దరం, మా పిల్లలిద్దరూ, అంటే మీ అమ్మా దాని తమ్ముడూ. నేనక్కడ స్కూల్లో టీచర్ని. పొద్దున్నే వండి పెట్టి, బడికి పరిగెత్తి, సాయంత్రం వచ్చి మళ్ళీ పొయ్యి. నీకు తెలీందేముందిలే, ఇప్పుడు నువ్వు చేస్తున్నదీ అదేగా, కాకపోతే గ్యాసు మీద.

సరే, బందరు తీసుకెళ్ళాం మీ తాతయ్యని. డాక్టరుగారు చేతికి పట్టీ చుట్టి, చూసి, ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగారు. “ఏమ్మా, వంట నువ్వేగా? ఉప్పు తగ్గించు, నూనె తగ్గించు, రాత్రిళ్ళు ఆకుకూరలు పెట్టు” అన్నారు. చూశావా, జబ్బు ఆయనది, మందలింపు నాకు! ఇప్పుడు మాత్రం? షుగరు మీ ఆయనది, పుస్తకాలు వెతుక్కుంటున్నది నువ్వు.

ఆస్పత్రి నుంచి బస్టాండుకి వస్తూ కోనేరు సెంటర్లో పుస్తకాల షాపు దగ్గర ఆగాం. ఆరోగ్యానికి మంచి వంటల పుస్తకం కావాలండీ అంటే షాపాయన ముందు పిండివంటలు తీశాడు, తర్వాత పచ్చళ్ళు, ఆ తర్వాత బిర్యానీలు. “అదికాదండీ, బీపీకి” అన్నాను. “బీపీ వచ్చాక ఇంకా వంటలేంటమ్మా, గంజి తాగటమేగా!” అని నవ్వాడు. మీ తాతయ్య మొహం చూడాలి అప్పుడు.

నేనే వెతికాను. అడుగున సన్నటి పుస్తకం ఒకటి, అట్ట మీద బొమ్మ కూడా లేదు. తెరిస్తే పొన్నగంటి కూర పెసరపప్పు. మన గట్ల మీద పెరిగే పొన్నగంటి కూరే! దాని కింద ఏం రాసుందంటావు? ఉప్పు, చిన్న చెంచాడు. అప్పటిదాకా నేను చూసిన ప్రతి పుస్తకంలోనూ ‘ఉప్పు తగినంత’ అనే ఉండేది. ఎవరికి తగినంత? మా ఇంట్లో తగినంత అంటే మావగారి నాలుక. ఆయన మొహం చిట్లిస్తే తగినంత కాదు, చిట్లించకపోతే తగినంత. అట్లాంటి ఇంటికి ఒక చెంచా కొలత దొరికిందంటే, మగాడి నాలుక మీదికి ఇంకో అధికారి దిగినట్టనిపించింది. పుస్తకాన్ని గుండెకి హత్తుకుని బస్సెక్కాను.

మా అత్తగారికి చదువు రాదు. మాది ప్రార్థన చేసుకునే ఇల్లని తెలుసుగా, సాయంత్రం ప్రార్థన అయ్యాక నేను ఆ పుస్తకం తీసి మర్నాటి వంట చదివేదాన్ని. ఆవిడ కొంగు తల మీదినుంచి తియ్యకుండానే వినేది, బైబిల్ వాక్యం విన్నట్టు. అయిపోగానే ఆమేన్ అనేది. కాకరకాయ కూరకి ఆమేన్ చెప్పిన మనిషి భూమ్మీద మా అత్తగారు ఒక్కతే అయ్యుంటుంది. మా పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు.

ప్రతి వంట పైనా ‘నలుగురికి సరిపడా’ అని ఉండేది. మా మొదటి బంతి సరిగ్గా నలుగురే. మావగారు, మీ తాతయ్య, పిల్లలిద్దరూ. పుస్తకం మా ఇంటిని చూసి రాసినట్టే ఉందని తెగ మురిసిపోయానే! వాళ్ళు తిని లేచాక రెండో బంతి, అత్తగారూ నేనూ, వంటింట్లో పీటలు వేసుకుని. కొలత పెట్టి వండితే ఏం మిగుల్తుంది? గిన్నె అడుగున పోపు మిగుల్తుంది. మేమిద్దరం ఆవకాయ వేసుకునేవాళ్ళం. లేకపోతే మా అన్నయ్య అవనిగడ్డ నుంచి పంపే ఎండు చేపలు. దివిసీమ ఎండు చేప సంగతి తెలుసుగా, దాన్ని ఎన్ని నీళ్ళతో కడుగు, ఉప్పు ఉప్పే. మొదటి బంతి కంచాల్లోంచి తీసేసిన ఉప్పంతా నడుచుకుంటూ వచ్చి రెండో బంతిలో కూర్చుంది. నేను బళ్ళో పిల్లలకి కూడికలు చెప్పేదాన్ని. మా ఇంట్లో నాలుగూ రెండూ ఎంతో నాకు తట్టలేదు.

కొన్ని నెలలకి మీ తాతయ్యని మళ్ళీ బందరు తీసుకెళ్ళాం. బీపీ దిగింది. “శభాష్, పట్టుదలున్న మనిషివయ్యా” అన్నారు డాక్టరుగారు. పట్టుదల ఈయనదట! ఈయన కూర్చుని తినడమేగా చేసింది! సరే, వదిలెయ్. ఆవేళ అత్తగారు కూడా మాతో వచ్చింది, బందరులో ఎవరో చుట్టాన్ని చూద్దామని. చెప్పులు కాళ్ళకి పట్టక చేత్తో పట్టుకుని నించుంది. డాక్టరుగారి చూపు ఆ కాళ్ళ మీద పడింది. పాదాలు పొంగి ఉన్నాయి. “పెద్దమ్మా, ఇటు కూర్చో” అని పట్టీ చుట్టారు. విప్పి, మళ్ళీ చుట్టారు. ఆయన మొహంలో నవ్వు పోయింది.

“ఇంకొన్నాళ్ళు ఇట్లాగే వదిలేస్తే పక్షవాతం వచ్చేది. ఇన్నాళ్ళూ ఎవరూ చూపించలేదా?” అన్నారు.

“బీపీ వంటలే వండుతున్నామండీ, పుస్తకం చూసి” అన్నాను.

“ఆ వంట ఈవిడ తింటోందా?”

నేను మీ తాతయ్య వంక చూశాను. ఆయన నేల వంక చూశారు.

ఇంటికొచ్చాం. పొద్దు వాలుతోంది. అత్తగారు కాళ్ళు చాపుకుని కూర్చుని, “పుస్తకం తియ్యమ్మా” అంది. ఏ కూర చదవమంటారు అత్తయ్యా అన్నాను. “కూరొద్దు. మనిద్దరం అందులో ఎక్కడున్నామో చూడు” అంది.

నలుగురికి, నలుగురికి, నలుగురికి. పేజీలు తిప్పుతున్నాను. ఆవిడ అప్పుడు చాలా మెల్లగా అంది. “దేవుడి దగ్గరుండే జీవగ్రంథంలో నా పేరుండాలని ఇన్నేళ్ళ నుంచీ గుడిలో మోకాళ్ళేస్తున్నానే. ఈ పప్పూ కూరల పుస్తకంలో కూడా లేనా నేను?”

ఎన్నెన్నో సభల్లో ఎవరెవరో ఏవేవో మాట్లాడగా విన్నాను. అట్లాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఆవేళ రాత్రి వంట ఆవిడే దగ్గరుండి చేయించింది, గిన్నె మార్చి, పెద్ద గిన్నెలో. ఆరు కంచాలు వరసగా పెట్టింది. మావగారు వచ్చి, “ఏంటిది, చుట్టాలొచ్చారా?” అన్నారు.

“వచ్చారండీ, ఇద్దరు. కూర్చోండి” అని ఆయనకి ఎదురుగా తనే కూర్చుంది! నన్ను చెయ్యి పట్టి లాగి పక్కన కూలేసింది.

“ఎప్పుడూ లేంది ఇవాళేంటి?”

“పుస్తకంలో ఉందండీ. ఆరుగురూ కలిసి తినాలంట, అదే వంట.”

పుస్తకంలో ఎక్కడుందే! మావగారు సంఘపెద్ద, గుడిలో వాక్యం చదివే మనిషి. ఏదీ, తే అన్నారు. కళ్ళజోడు పెట్టుకున్నారు. వేలు పెట్టి మరీ చదివారు. “నలుగురికి సరిపడా. ఇదుగో, నలుగురు అని స్పష్టంగా ఉందిగా!”

అక్షరం ముక్క రాని మనిషి ఏమందో తెలుసా? ఆ పేజీ వంక చూడనైనా చూడలేదు. పప్పు వడ్డించుకుంటూ, “అచ్చుతప్పు పడుంటుంది, దిద్దండి” అంది.

పిల్లలు నోట్లో ముద్ద నవలడం మానేశారు. అప్పుడు మీ తాతయ్య లేచారు. నా బడి సంచీలోంచి ఎర్ర పెన్ను తీసి నా కంచం పక్కన పెట్టారు. “టీచరువి నువ్వేగా. తప్పులు దిద్దడం నీ పని” అన్నారు. ఈయన పెద్దగా గొడవ చెయ్యకుండా చేసిన మంచి పని ఏదైనా ఉందంటే అదొకటి, ఒప్పుకోవాలి. నేను ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడం చేత్తో నలుగురు కొట్టేసి ఆరుగురు అని రాశాను. వంకరటింకరగా పడింది. ఉప్పు చెంచాడుని ఒకటిన్నర చేశాను.

మావగారు ఏమన్నారంటావా? ఉప్పు తక్కువైందన్నారు. ఆయనంతే. కానీ లేచి వెళ్ళలేదు.

అత్తగారు మాత్రం... కాపురానికొచ్చాక ఆ మనిషి ఎదురుగా ముద్ద కలపడం ఆవిడకదే మొదలు. కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడుతూ తిందే! పొన్నగంటి కూర అడిగి మరీ రెండోసారి వేయించుకుంది. ఎన్ని అద్భుతాలని ప్రసంగాల్లో విన్నానో, నేను కళ్ళారా చూసింది మాత్రం అదే. ఆ కాళ్ళ వాపు దిగి, చాన్నాళ్ళు బతికింది. నీ అన్నప్రాసన... అదే, నీకు మొదటి ముద్ద పెట్టింది ఆవిడే. నీకు గుర్తుండదులే.

ఏవండీ? లేచారా? పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, మీరే పెట్టండి కాఫీ. మాక్కూడా, మూడు కప్పులు!

ఇంతకీ నీ పుస్తకం. రెండోదానిలో ఏముందో చదువు. ఉప్పు రుచికి తగినంత. అది వద్దు. మూడోది... చెంచాలు, గ్లాసులు లెక్కగా రాశారు, తోటకూర ఉంది, బీరకాయ ఉంది, జొన్నరొట్టె ఉంది. ఇది తెప్పించుకో. పైన నలుగురికి అని ఉందా? ఉంటుంది, ఉంటుంది.

నువ్వు కూడా ఇందాక వస్తూనే నలుగురికీ అన్నావు. నేను విననట్టు ఊరుకున్నాను. ఏదీ, చెయ్యి ఇలా పెట్టు. మీ ఆయన, చిటికెన వేలు మడువు. మీ మావగారు, ఇంకోటి. పెద్దాడు. చిన్నది. నాలుగూ అయిపోయాయా? మరి ఆ బొటనవేలు నిటారుగా నించునుంది, అదెవరే?

చెయ్యి వెనక్కి లాక్కోకు.

పిచ్చిదానా, బొటనవేలు నెట్టకపోతే ముద్ద నోట్లోకి వెళ్ళదే. అది మాత్రం ఆకలితో పడుకోవాలా? చల్లగా ఉండు తల్లీ, కడుపునిండా తిని చల్లగా ఉండు. ఆ టేబుల్ మీద ఎర్ర పెన్ను ఉంది చూడు, తీసుకెళ్ళు...