కోట ఎక్కిన లారీ

ముసురు పట్టిన ఉదయం. విప్పేసిన సినిమా సెట్టు కోటను ఎక్కించుకుని ఓ లారీ ఫిల్మ్ నగర్ గుట్ట దిగుతోంది. క్యాబిన్‌లో డ్రైవరు, పక్కన ఆ కోటను కట్టించిన ఆర్ట్ అసిస్టెంటు అమ్మాయి.

"మేడం, మనం పోయేది మోతీనగర్ గోడౌన్‌కు గదా. మీ ఫోనేంది, మళ్ల గుట్ట మీదికే తిరగమంటున్నది?"

"రోజూ వెళ్లింది అక్కడికేగా అన్నా, పాత దారే చూపిస్తోంది. చూడండి, 'కోట' అని పేరు కూడా ఉంది."

"నా కాగితం మ్యాపుల గాడ ఉత్త బండలే ఉన్నయ్."

"ఇప్పుడు మీదే కరెక్టు. కోట మన వెనకాల ఉంది. గోడౌన్‌లో దించగానే విరగ్గొట్టేస్తారట."

"తాళ్లు నేనే కట్టిన. గోడౌన్ దాంక ఒక్క బురుజు కదలదు."

"ఆ బురుజుల మీద పావురాలు వాలేవన్నా. థర్మాకోల్ అని వాటికి తెలీదు. సరే, ఫోన్ ఆపేస్తాను."

"ఉండనియ్యండి మేడం."

లారీ ఫోన్ చెప్పిన వైపే తిరిగి గుట్టెక్కి, కోట విప్పేసిన చోట తడిసిన బండల ముందు ఆగింది. గమ్యం చేరుకున్నారని ఫోన్ పలికింది.

"నా మ్యాపుల బండలున్నయ్, మీ ఫోన్ల కోట ఉన్నది. గిప్పుడు రెండూ నిజమే."

"ఎంతసేపు ఉండొచ్చన్నా?"

"తాళ్లు జర వదులైనయ్ మేడం. నిమ్మళంగ బిగిస్త."