బాదం చెట్టుకు నూలు చీర

సూరత్ శివార్లలో, కడోదరా రోడ్డు పక్కన, మరమగ్గాల కార్మికుల రేకుల గదులు. మే నెల మధ్యాహ్నం. ఆకులు రాలి, మొదలంతా పాత చీరలు చుట్టి ఉన్న బాదం చెట్టుకు వీపు ఆనించి లత నిలబడింది. ఎదురుగా, గొడ్డలి పట్టుకుని, గదుల యజమాని దగ్గర పనిచేసే ఓంప్రకాష్.

"జరుగు లతక్కా. సచ్చిన చెట్టుకు కావలి ఎందుకు?"

"సచ్చిందని ఎవలు చెప్పిన్రు? నీ సేఠా?"

"సేఠ్ చెప్పుడేంది, కండ్లు లేవా? ఒక్క ఆకన్న ఉందా?"

"అదే రాల్చుకున్నది. గింత ఎండల ఆకులుంటే ఉన్న తడంత గుంజుకపోతయని. దానికున్న తెలివి నీకు లేకపాయె. ఇగో, ఈ కొమ్మను గోరుతోని గీకు. గీకు తమ్మీ!"

"...పచ్చగనే ఉంది."

"ఉంటది మరి."

"ఉంటే ఏంది? సేఠ్ ఈడ టెంపో పెట్టుకుంటడట. జాగ ఆయనది."

"జాగ ఆయనది. మళ్ల ఆకులొస్తే పడే నీడ? అది లేకుంటే నా మొగడు రాత్రి పాళీ చేసొచ్చి యాడ పండుకోవాలె? రేకుల కింద పండితే మనిషి ఉడికిపోతడు. నిద్రలేనోని చెయ్యి నడిచే మగ్గంల పడితే నీ సేఠ్ అతికిస్తడా?"

"నన్నెందుకంటవ్? నేను నౌకరోన్ని."

"మొన్న మీ మగోళ్లంత మిల్లు కాడికెల్లి పాలిస్టర్ గుడ్డ తెచ్చి చుడితిరి, ఎండ తగలొద్దని. లోపల బెరడు ఉడుకెక్కె! అది ఇప్పేసి నూలు చీరలు చుట్టిన, రోజు పొద్దుమూకినంక తడుపుతున్న. దేశానికి పాలిస్టర్ చీరలు నేసేటోళ్లం, ఒక్క నూలు చీర కోసం ట్రంకుపెట్టెలు అడుగుదాక తోడాల్సొచ్చె."

"ఒక్క చెట్టుకు గింత లొల్లా! ఆ చీరలు తీసెయ్, నా పని నేను చేస్కుంట."

"నేను తియ్య."

"అయితే నేనే తీస్త."

"తియ్యి. ఆడోళ్ల చీరలు. వాడకట్టంత చూస్తున్నది. ఇప్పు!"

"అక్కా, గిట్ల మాట్లాడకు..."

"ముందు పైనున్న నీలం చీర ఇప్పు. అది మీ అవ్వది. ఎల్లవ్వ పొద్దుగాల వచ్చి తన చేతుల్తోని కట్టి పోయింది."

"మా అవ్వనా? నాకు చెప్పలే!"

"నువ్వు గొడ్డలి తెస్తున్నవని ఆమెకు చెప్పినవా? ఏందట్ల చూస్తవ్? నీ ఫోన్ మోగుతున్నది. సేఠేనా? ఎత్తు."

"హలో సేఠ్... లేదు, కొట్టలే... సావలేదు సేఠ్, నేనే గీకి చూసిన... నేనైతే కొట్ట. టెంపో మీ ఇంటి ముంగట పెట్టుకోండ్రి."