పాట వినే గోడ

"మబ్బు మీద మంచమేస్తే మా అక్క నిద్రపోయే,
మంచు దుప్పటి కప్పబోతే..."

కప్పబోతే ఏమైందో పెద్దమ్మకు గుర్తు రాదు. చిన్నప్పుడు అక్క పాడేది. అక్క పోయింది, తర్వాతి ముక్క కూడా ఆమెతోనే పోయింది. ప్రదర్శన హాలును ఆనుకున్న టీకొట్టు బల్ల మీద కూర్చుని, ఆ హాలు తలుపులకు వేలాడదీసే నల్ల తెరలకు అంచులు కుడుతూ పెద్దమ్మ ఆ ఉన్న ముక్కనే కూనిరాగం తీస్తోంది.

"ఆ పాట మా గోడకు వినిపించు పెద్దమ్మా!" అన్నాడు వైర్‌మ్యాన్, టీ గ్లాసుతో పక్కన చేరి.

"ఏ గోడ నాయనా?"

"లోపల బొమ్మల ప్రదర్శన వాళ్లు పెట్టించిన తెల్లగోడ. మనిషి గొంతు వింటే దాని మీద వెలుగు పువ్వులు పూస్తాయి. తీగలన్నీ ఈ చేతులతో లాగినవే. నిన్న ఊరికే దగ్గానా, ఒక మొగ్గ విచ్చింది."

"దగ్గుకే?" అన్నాడు బల్ల చివర టీ తాగుతున్న రంగులేసే అతను.

"దగ్గుకే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈల వేశాను. గోడంతా తోట! పువ్వులకు గోడ చాలక నేల మీదికి జారాయి, నేల కాస్తా నీళ్లయింది, అడుగేస్తే అలలు, అలల్లో వెలుగు చేపలు. తలుపు ఓరగా ఉందేమో, ఏరంతా వీధిలోకి పారింది. ఎదురు మేడ మెట్లెక్కి చేపలు నీళ్ల ట్యాంకులో ఈదాయంటే నమ్ము! అది చూసి ఆగలేక చందమామ దిగొచ్చి బుద్ధిగా క్యూలో నిలబడ్డాడు."

"టికెట్ కొన్నాడా?"

"చందమామను టికెట్ అడుగుతామా, మర్యాద ఉండొద్దూ? అదంతా ఒకెత్తు పెద్దమ్మా. సగం పాట పాడితే చాలు, మిగతా సగం ఆ గోడే పాడుతుంది."

పెద్దమ్మ చేతిలో సూది ఆగిపోయింది. "మా అక్క పాటైనా?"

"మీ అక్క గొంతుతోనే!"

టీకొట్టు ఆవిడ పకపకా నవ్వింది. "ఏ కరెంటుతో పాడుతుందయ్యా? నా గ్యాస్ అయిపోయిందని ఆ గోడ ప్లగ్గు పీకి ఆ వైరే నా కెటిల్‌కు పెట్టింది నువ్వేగా! మొన్నటి నుంచీ గోడ చీకట్లోనే ఉంది. నీ ఏరు ఎటూ పోలేదులే, నీ గ్లాసులోనే ఉంది, తాగు."

అందరూ విరగబడి నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. తల వంచుకుని, తెగకపోయినా దారం కొస కోసం వెతుక్కుంటోంది.

వైర్‌మ్యాన్ అది చూశాడు. గ్లాసు కింద పెట్టి, కెటిల్ ప్లగ్గు లాగేశాడు. "నా టీ!" అని ఆవిడ అరుస్తున్నా వినిపించుకోకుండా, ఒక చేత్తో వైరు చుట్టుకుంటూ, ఇంకో చేత్తో పెద్దమ్మను పట్టుకుని లోపలికి నడిపించాడు.

వైరు తిరిగి తగిలించి స్విచ్ వేయగానే గోడ పాలమీగడలా మెల్లగా తెల్లబారింది. పెద్దమ్మ గొంతు సవరించుకుని పాడింది. మబ్బు అన్న మాట దగ్గర ఒక మొగ్గ. మంచం దగ్గర రెండు. అక్క దగ్గర కొమ్మంతా విరిసింది. "కప్పబోతే..." అని ఆగింది. పువ్వులు మసకబారసాగాయి.

పెద్దమ్మ చిన్నపిల్లలా అతనికేసి తిరిగింది. "మిగతాది పాడదేం నాయనా?"

అతను స్విచ్ దగ్గర్నుంచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"దానికి పాటలు రావు పెద్దమ్మా, నేనే కోతలు కోశాను. మాట గుర్తు రాకపోతే ఊఁ అంటూ ఉండు. నీ గొంతు ఆగనంతసేపూ ఆ పువ్వులు వాడిపోవు."